ఒక్కపొద్దు నుంచి ప్రకృతి ఆశ్రమం దాకా



ఉపవాసం మన సరిహద్దు పల్లెలకు కొత్త విషయం కాదు. సిరొంచ తాలూకాలో, మా బామ్నిలో, నది అవతల కాళేశ్వరం వైపున కూడా దాన్ని మనం ‘ఒక్కపొద్దు’ అంటాం. శివరాత్రికి ఒక్కపొద్దు, తొలి ఏకాదశికి ఒక్కపొద్దు, కార్తీక సోమవారానికి ఒక్కపొద్దు. పగలంతా ఉండి, చుక్కను చూసి ఒక్కపొద్దు విడుస్తాం. మన ఇరుగుపొరుగు ముస్లిం సోదరులు రంజాన్ నెలంతా రోజా ఉంటారు. ఇవన్నీ భక్తితో చేసే ఉపవాసాలు. రెండవ రకం, ఒళ్లు వెచ్చబడినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పెట్టే లంఖణం. మూడవ రకం ఈ నూట ముప్పై ఏళ్లలో వచ్చింది. రుసుము కట్టి, ఆశ్రమంలో గది తీసుకుని, వైద్యుల పర్యవేక్షణలో పది పదిహేను రోజులు ఉండే ఉపవాసం అది. నాలుగవ రకానికి పేరు లేదు. గింజలు నిండుకున్న ఇంట్లో పొయ్యి రాజేయని రోజున ఉండే ఉపాసం అది.

చూడటానికి నాలుగింటిలోనూ కడుపు ఖాళీయే. అయినా నాలుగూ ఒకటి కావు. ఈ మూడవ రకం మన తెలుగువాళ్ల మధ్యకు ఎలా వచ్చింది, దాని వెనుక ఎవరెవరున్నారు, అందులో మనవంటి ప్రాంతం వాళ్లు తీసుకోదగ్గదేమిటి, తీసుకోకూడనిదేమిటి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. నేనూ ఒకసారి అటువంటి ఆశ్రమంలో పది రోజులు ఉండి వచ్చాను. ఆ ముచ్చట కూడా మధ్యలో చెబుతాను.

ముందు లంఖణం సంగతి. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. దాని మూలం సంస్కృతంలోని ‘లంఘనం’. లఘువుగా, అంటే తేలికగా చేసేది అని అర్థం. చరక సంహిత సూత్రస్థానంలో ఇరవై రెండవ అధ్యాయం ఈ విషయం మీదనే నడుస్తుంది. అక్కడ లంఘనాలు పది రకాలు. వాంతి, విరేచనం, వస్తి, నస్యం అనే శోధనలు నాలుగు, దప్పికను ఓర్చుకోవడం, గాలి, ఎండ, పాచనం, ఉపవాసం, వ్యాయామం. అంటే అన్నం మానడం పదింటిలో ఒకటి మాత్రమే.

ఇంకొక సంగతి కూడా చరకుడు స్పష్టంగా చెప్పాడు. జ్వరం మొదట్లో లంఘనం మంచిదే కాని, ఒళ్లు క్షీణించి వచ్చిన జ్వరానికి, వాతంవల్ల, భయంవల్ల, కోపంవల్ల, కామంవల్ల, దుఃఖంవల్ల, శ్రమవల్ల వచ్చిన జ్వరానికి అది పనికిరాదని చెప్పాడు. చేయించేటప్పుడు కూడా ప్రాణబలానికి విరోధం కాకుండా చేయించాలన్నాడు. మన నది పేరు ప్రాణహిత. ప్రాణానికి హితమైనది అని ఆ పేరుకు అర్థం చెప్పుకుంటాం. లంఖణానికి శాస్త్రం పెట్టిన షరతు కూడా అదే. సామెతలో మొదటి సగమే మన నాలుకల మీద నిలిచింది, ఈ షరతు జారిపోయింది.

ఇక ఆశ్రమాల చరిత్రకు వద్దాం. దాని మొదలు మన దేశంలో లేదు. పందొమ్మిదవ శతాబ్ది మొదటి సగంలో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని గ్రేఫెన్‌బర్గ్ అనే కొండ ఊళ్లో విన్సెంజ్ ప్రీస్నిట్జ్ అనే రైతుబిడ్డ చన్నీళ్లతో వైద్యం చేసి పేరు పొందాడు. ఆ దారిలో నడిచినవాడు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంవాడైన లూయీ కూనే. ఆయన 1883లో అక్కడ చికిత్సాలయం తెరిచాడు. రోగాలన్నింటికీ మూలం ఒకటే, ఒంట్లో పేరుకున్న మలిన పదార్థమే అన్నది ఆయన వాదం. కటిస్నానం, ఆవిరి స్నానం, సాత్వికాహారం ఆయన సాధనాలు. రోగాలన్నింటికీ ఒకటే మూలమన్న వాదాన్ని నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. క్షయకు ఒక క్రిమి, మలేరియాకు ఒక పరాన్నజీవి ఉన్నాయని మనకు తెలుసు. కాని మందు లేకుండా, నీళ్లతో, మట్టితో, తిండి సవరించుకుని బాగుపడవచ్చన్న మాట ఆ కాలంలో లోకమంతా పాకింది.

ఆ మాట భారతదేశంలో కాలుపెట్టింది తెలుగు గడప గుండానే. డి. వెంకటచలపతి శర్మగారు 1894లో కూనే గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చారు. శ్రోత్రి కిషన్ స్వరూప్ గారి హిందీ, ఉర్దూ అనువాదాలు వచ్చింది 1904లో, అంటే పదేళ్ల తరువాత. దేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమం పుట్టుకను చెప్పేవాళ్లందరూ ఈ తెలుగు పుస్తకంతోనే మొదలుపెడతారు. డాక్టరు అరుదు, మందు ఖరీదు అన్న రోజులవి. తొట్టెడు నీళ్లతో, పిడికెడు మట్టితో అయ్యే వైద్యం అంటే జనానికి ఎందుకు నచ్చిందో ఊహించుకోవచ్చు.

ఆ ప్రచారం కొనసాగించిన తెలుగువారిలో భీమవరంలో ప్రకృతి ఆశ్రమం నడిపిన వేగిరాజు కృష్ణంరాజు గారిని ముందుగా చెప్పుకోవాలి. తరువాత డాక్టర్ బి. వెంకటరావు, డాక్టర్ విజయలక్ష్మి దంపతులు 1949లో హైదరాబాదులో ప్రకృతి చికిత్సాలయం నెలకొల్పారు. అమీర్‌పేట వైపు బస్సెక్కినవాళ్లకు ‘నేచర్ క్యూర్ హాస్పిటల్’ అన్న స్టాపు పేరు తెలిసే ఉంటుంది. ఆ పేరు వెనుక కథ ఇదే. ఆ చికిత్సాలయాన్ని ఆనుకునే వైద్యులను తయారుచేసే కళాశాల కూడా వెలిసింది. ఇటీవలి కాలంలో మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలు టీవీల ద్వారా ఇంటింటికీ చేరాయి. నిమ్మరసం, తేనె కలిపిన నీళ్లతో ఉపవాసం అనగానే ఇప్పుడు చాలామందికి ఆయన పేరే గుర్తుకు వస్తుంది.

ఇక మన వైపు, విదర్భ వైపు చూద్దాం. వార్ధా నది, వైన్‌గంగా నది కలిసి మన ప్రాణహిత అవుతుంది. ఆ వార్ధా నది పేరే పెట్టుకున్న జిల్లాలో సేవాగ్రాం ఉంది. 1936లో గాంధీజీ అక్కడ కాపురం పెట్టాడు. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడే ఆయన కూనే గ్రంథాన్ని, అడాల్ఫ్ జస్ట్ అనే మరొక జర్మన్ రాసిన పుస్తకాన్ని చదివి, మట్టిపట్టీలు, కటిస్నానాలు తనమీద, తనవాళ్లమీద ప్రయోగించి చూసుకున్నాడు. సేవాగ్రాంలో కుష్ఠురోగి అయిన పర్చురే శాస్త్రిగారికి స్వయంగా సేవ చేశాడు. 1942లో పుణేలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యంమీద చిన్న పుస్తకం రాశాడు. వారానికో పక్షానికో ఒకరోజు తిండి మానమని, అదీ చేతకాకపోతే ఆ రోజు ఒక పూటైనా మానమని అందులో సలహా ఇచ్చాడు. ఇది మన ఒక్కపొద్దుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

1945లో పుణేలో డాక్టర్ దిన్‌షా మెహతాతో కలిసి ప్రకృతి చికిత్స ట్రస్టు ఏర్పాటు చేశాడు. కాని ఆయన మనసు అక్కడ నిలవలేదు. పట్నంలో పెట్టిన చికిత్సాలయం డబ్బున్నవాళ్లకే పనికివస్తుంది, పేదవాళ్లు పల్లెల్లో ఉన్నారు అన్నది ఆయన ఆలోచన. అందుకే 1946 మార్చిలో పుణే దగ్గరి ఉరళీకాంచన్ గ్రామానికి వెళ్లి, వారం పది రోజులు తానే ఉండి రోగులను చూశాడు. తరువాత ఆ ఆశ్రమాన్ని మణిభాయి దేశాయి నిలబెట్టాడు. ట్రస్టు ఏర్పడిన నవంబరు 18వ తేదీని 2018 నుంచి దేశమంతటా ప్రకృతి చికిత్స దినంగా జరుపుతున్నారు. ఈ దినం జరుపుకునేవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. గాంధీజీ దృష్టిలో ఇది పేదవాడి వైద్యం.

గాంధీజీ పేరు వచ్చింది గనుక ఉపవాసానికి ఉన్న మరొక ముఖం కూడా చెప్పుకోవాలి. సరిహద్దువాళ్లం గనుక మనకు అది మరీ దగ్గర విషయం. ఆంధ్ర రాష్ట్రం కోసం స్వామి సీతారాం, అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి గారు, 1951 ఆగస్టు 15న ఆమరణ దీక్ష పట్టారు. వినోబాభావే కోరికమీద 35 రోజులకు విరమించారు. ఆ వినోబాయే అదే ఏడాది మార్చిలో వార్ధా నుంచి కాలినడకన తెలంగాణకు వచ్చి, ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానానికి శ్రీకారం చుట్టాడు. మరుసటి ఏడు పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న దేశపటమే భాషలవారీగా మారింది. ఆ మార్పులోనే మన చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలో గోండి, మాడియా అన్న మన బతుకు ఆ గీతల మధ్యదే.

ఆ దీక్షలు ఆరోగ్యం కోసం చేసినవి కావు. ఒంటిని అరగదీసి లోకం మనసు కరిగించాలన్నది వాటి లక్ష్యం. వినోబా కూడా 1982 నవంబరులో జబ్బుపడి, చివరి రోజుల్లో అన్నం, మందు రెండూ మాని, 15వ తేదీన పవనార్‌లో కన్నుమూశాడు. ఆరోగ్యం కోసం ఉండేవాడు బతకడానికి ఉంటాడు. కనుక ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ ఉపవాసంలో సగం విద్య.

ఇప్పుడు నేను చూసిన ఆశ్రమం సంగతి. పేరు అవసరం లేదు. నది దాటి, బస్సులు మారి వెళ్లిన చోటు. నాకప్పుడు బరువు ఎక్కువ, రక్తపోటు కొద్దిగా పైన ఉంది. చేర్చుకునే ముందు రక్తపరీక్ష చేశారు, చక్కెర చూశారు, వాడుతున్న మందులు రాసుకున్నారు. తెల్లవారి ఐదింటికి గంట కొట్టేవారు. ఎనిమా, తరువాత యోగాసనాలు, పొట్టమీద తడిమట్టి పట్టీ, కటిస్నానం, ఎండలో కాసేపు కూర్చోవడం, నడక. మొదటి రెండు రోజులు ఉడికిన కూరలు, పండ్లు. తరువాత ఐదు రోజులు నిమ్మరసం, తేనె కలిపిన నీళ్లు, కొబ్బరినీళ్లు మాత్రమే.

ఉపవాసం రెండో రోజున తలనొప్పి మొదలైంది. నాలుక తెల్లగా పూసింది, నోరు చేదు. టీ కోసం ప్రాణం కొట్టుకుంది. వంటింటి వైపు గాలి వీస్తే తాలింపు వాసనకు అడుగులు అటు పడేవి. ఎదుటి గదిలోని వ్యాపారి, పక్క గదిలోని రిటైర్డు ఉద్యోగి, నేను ముగ్గురం సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నదంతా తిండి గురించే. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, ప్రాణహిత చేపల పులుసు నోటితోనే వండుకునేవాళ్లం. నాలుగో రోజుకు ఆకలి మందగించింది, తల తేలికపడింది, నిద్ర బాగా పట్టింది. ఐదు రోజులూ అయ్యాక ఒకేసారి అన్నం పెట్టలేదు. మొదట పండ్లరసం, తరువాత పండు, ఆ తరువాత జావ, చివరికి ఉడికిన కూర. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాను. అందులో కొంత నీటి బరువేనని, ఇంటికెళ్లి పాత తిండి తింటే తిరిగి వస్తుందని అక్కడి వైద్యుడే చెప్పి పంపాడు.

ఆ పది రోజుల్లో నా మనసులో నిలిచిపోయిన మాట వైద్యులది కాదు. గదులు ఊడ్చే ఆమె ఒకరు ఉండేది. మిరపకాయలు ఏరడానికి మన వైపు నుంచి కూలికొచ్చి, అక్కడే నిలిచిపోయిన మనిషి. నా మాట విని నేను సిరొంచ వైపువాణ్ణని గుర్తుపట్టింది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి అడిగింది: “పైసలు కట్టి ఉపాసముండుడేంది సారూ? ఇంటికాడ మేం ఊకెనే ఉంటిమి గద!” ఆమె వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒంటిలో జరిగేదేమిటో తెలియాలి.

మనిషి తిండి మానితే ముందు కాలేయంలో నిలవున్న చక్కెర ఖర్చవుతుంది. అది సుమారు ఒక రోజుకు సరిపోతుంది. తరువాత ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. దాని నుంచి వచ్చే కీటోన్లు మెదడుకు కూడా ఇంధనమవుతాయి. నాలుగో రోజు ఆకలి మందగించడానికి ఇదొక కారణం. కణాలు తమలోని పాత సరుకును తామే విరిచి తిరిగి వాడుకునే పద్ధతిని వివరించినందుకు 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి నోబెల్ బహుమతి వచ్చింది. అంతమాత్రాన ఉపవాసం సర్వరోగ నివారిణి అని ఆ బహుమతి చెప్పదు. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కొవ్వు నిలవ ఉన్నవాడికి ఐదు రోజుల ఉపవాసం పెట్టెలోని సొమ్ము ఖర్చుపెట్టడం వంటిది. నిలవ లేనివాడికి అది విత్తనపు గింజలు తినడమే.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944, 1945 సంవత్సరాలలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్లు తమ బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయారు. చిరాకు, దిగులు, పనిమీద విముఖత, ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాస వాళ్లను పట్టుకున్నాయి. ఆకలిగొన్న కూలివాణ్ణి సోమరి అనేవాళ్లు ఈ ప్రయోగం సంగతి తెలుసుకుంటే మంచిది. ఆ యుద్ధం ముగిశాక చెరల నుంచి విడుదలైనవాళ్లలో కొందరు ఒక్కసారిగా కడుపునిండా తిని చనిపోయారు. ఎక్కువకాలం పస్తున్న ఒంటికి ఒకేసారి అన్నం పడితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. లంఖణం తరువాత ముందు గంజి, ఆపై జావ, ఆపై మెత్తటి అన్నం పెట్టే మన అవ్వల పథ్యంలో ఎంత జాగ్రత్త ఉందో ఇప్పుడు అర్థమవుతుంది.

మన జిల్లా విషయంలో మరికొన్ని జాగ్రత్తలున్నాయి. విదర్భలో, ముఖ్యంగా మన అడవి తాలూకాల్లో, సికిల్ సెల్ రక్తదోషం చాలా కుటుంబాల్లో ఉంది. ఆ దోషమున్నవాళ్ల ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో అడ్డుపడి, భరించలేని నొప్పి తెస్తాయి. అటువంటివాళ్లు నీళ్లు కూడా ముట్టని ఒక్కపొద్దు ఉండటం ప్రమాదం. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్ష చేయించుకోనివారు చేయించుకోవాలి. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పస్తుంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, బక్కచిక్కిన వృద్ధులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, క్షయకు మందులు వాడేవాళ్లు ఇటువంటి ఉపవాసాల జోలికి పోకూడదు. క్షయ విషయంలోనైతే అన్నమే మందు. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లకు అదనపు పోషకాహారం ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గిందని 2023లో ప్రకటించారు.

అలాగని ఆశ్రమాల నుంచి నేర్చుకునేది లేదని కాదు. గడ్చిరోలిలో ‘సెర్చ్’ సంస్థను 1986లో రాణీ బంగ్ గారితో కలిసి స్థాపించిన డాక్టర్ అభయ్ బంగ్ చిన్నతనం సేవాగ్రాం వాతావరణంలో గడిచింది. 1995లో ఆయనకే గుండెపోటు వచ్చింది. ఆధునిక వైద్యం చేయించుకుంటూనే ఆహారం, నడక, యోగం, ధ్యానం, మనసు కుదురు ఇవన్నీ తన జీవితంలో ఎలా సవరించుకున్నాడో మరాఠీలో ‘మాఝా సాక్షాత్కారీ హృదయరోగ్’ అనే పుస్తకంగా రాశాడు. మందును కాదనలేదు, మందొక్కటే చాలనుకోలేదు. మన జిల్లాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు.

ఊడ్చే ఆమె అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఆశ్రమంలో ఉపవాసమున్నవాడికి ఎప్పుడు విడవాలో తెలుసు, విడిచే రోజున జావ సిద్ధంగా ఉంటుందని తెలుసు. ఇంటి దగ్గర ఆమె ఉన్న ఉపాసానికి ఆ రెండూ లేవు. ఒకటి ఎంచుకున్నది, రెండవది మీద పడ్డది. ఎంచుకున్నదాన్ని ఆరోగ్యం అనవచ్చు. మీద పడ్డదాన్ని లంఖణం అని పిలిచి ఊరడించకూడదు. దానికి మందు రేషను దుకాణంలో బియ్యం, అంగన్‌వాడీలో గుడ్డు, బడిలో మధ్యాహ్న భోజనం, చేతినిండా పని. అవి సక్రమంగా అందుతున్నాయో లేదో అడగటం కూడా ఆరోగ్యరక్షణే.

ఒంట్లో నిలవున్నవాళ్లం వారానికి ఒక పూట మానుదాం. నీళ్లు మాత్రం మానవద్దు. మూడు రోజులు మించిన ఉపవాసమైతే వైద్యుని కంటి ముందే చేద్దాం. విడిచేటప్పుడు అవ్వ చెప్పిన గంజితోనే విడుద్దాం. మనం మానిన ఆ పూట అన్నం ఇంకొక ఇంటి పొయ్యి రాజేస్తే, ఆ ఒక్కపొద్దు ఇద్దరికీ ప్రాణహితమవుతుంది.